మెట్టు లేని గుమ్మం

ఫిబ్రవరి 3

పిచ్చుకకి,

ఇక్కడ నేను, నా సుత్తి, నా దగ్గు ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో మాత్రం ఈ ఉత్తరంతో పాటు వచ్చే పార్సిలు విప్పి, అందులో బూట్లు తొడుక్కుని, నాలుగడుగులు వేశాక రాయి. అంతకు ముందు రాస్తే నమ్మను.

ఈసారి ఎడమ బూటు అడుగులో చెక్క తీసేసి బెండు పెట్టాను. ఎత్తు పాతదే, బరువు మాత్రం బాగా తగ్గింది. రోజంతా నిలబడి ఊళ్ళోవాళ్ళ జుట్టంతా కత్తిరించేదానివి, సాయంత్రానికి నడుము లాగుతోందని పోయినసారి రాశావు కదా. కొత్తవని సంబరపడి మొదటిరోజే పార్లర్‌కి వేసుకుపోకు. ముందు ఇంట్లో తిరిగి మచ్చిక చేసుకో. అవి కరిచాయని అక్కడ నువ్వు తిట్టుకుంటే ఇక్కడ నాకు పొలమారుతుంది.

ఇక అసలు సంగతి. నేను వీలునామా రాయిస్తున్నాను. కంగారు పడకు, నాకేమీ రాలేదు. నా షాపు కింద కళ్ళజోళ్ళాయన ఉండేవాడు చూడు, ఆయన పోయాడు. దినాలైనా కాకముందే దూరపు చుట్టాలెవరో వచ్చి తాళం పగలగొట్టారు. ఆయన అద్దాలు అరగదీసే మరని పాత ఇనుము కింద తూకానికి వేశారు. ఆ మర మీద ఆయన ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. పైనుంచి చూస్తూ నిలబడ్డాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నా దగ్గరున్నవి అంతకంటే తేలిగ్గా తగలబడతాయి. గోడ నిండా చెక్క పాదాలు. నా దగ్గర ఒక్కసారి బూట్లు కుట్టించుకున్న ప్రతి మనిషి పాదానికీ చెక్కలో అచ్చు తీసి పెట్టుకున్నాను. కాలు మారినప్పుడల్లా అచ్చు మీద తోలు ముక్క అతికించడమో, ఆకురాయితో అరగదీయడమో చేస్తాను. మనిషి రాకపోయినా ఆ చెక్క చూసి బూటు కుట్టగలను. తెలియనివాడికి అవన్నీ పొయ్యిలోకి పనికొచ్చే కట్టెలు.

అందుకని ఆసుపత్రి వెనక కాళ్ళ కేంద్రం ఉంది కదా, అక్కడ కాళ్ళు సరిగ్గా లేని పిల్లలకి ఉచితంగా వైద్యం చేస్తారు. కట్టుడు కాళ్ళు బాగానే పెడతారు కానీ బూట్లు మాత్రం ఫ్యాక్టరీ నుంచి తెప్పించి తగిలిస్తారు. నా తర్వాత షాపు, పనిముట్లు, అచ్చులు అన్నీ ఆ కేంద్రానికే చెందాలని రాయిస్తున్నాను. అక్కడే కూర్చుని వాళ్ళ మనుషులు పిల్లలకి బూట్లు కుట్టాలి. గుమ్మం మీద పెద్ద బోర్డు. దాని మీద ‘పిచ్చుక బూట్ల షాపు’ అని ఉంటుంది. రంగులేసేవాడితో మాట్లాడేశాను కూడా.

లాయరమ్మ చిన్నపిల్ల, కానీ గట్టిది. దగ్గరివాళ్ళకి ముందే చెప్పండి, మీరు పోయాక కాగితం చూసి తెలుసుకుంటే మనసు కష్టపెట్టుకుంటారు అంది. నాకు దగ్గరివాళ్ళంటే నువ్వే. చెప్పేశాను. సంచీ సర్దుకుని మెట్లు దిగే వేళయింది, ఒకాయనకి ఇంటికెళ్ళి కొలతలు తియ్యాలి. నేనెప్పుడూ ఎవరినీ ఈ మెట్లెక్కించలేదు, తెలుసుగా.

నీ అన్నయ్య

&nbsp;

ఫిబ్రవరి 14

అన్నయ్యకి,

తొడుక్కున్నాను, నడిచాను, ఇప్పుడు రాస్తున్నాను. ఇక నమ్ము.

బెండు అద్భుతం. ఎడమ కాలు ఉందన్న సంగతే మర్చిపోయి రెండుసార్లు గుమ్మం తట్టుకున్నాను. నువ్వు చెప్పినట్టు ఇంట్లోనే తిరుగుదామనుకున్నాను కానీ మూడోరోజుకి ఆగలేక పార్లర్‌కి వేసుకుపోయాను. కరవలేదు. మా బ్యాంకు మేనేజరమ్మ, అదే నెలకోసారి జుట్టుకి రంగు వేయించుకుని నా ప్రాణం తీస్తుందే ఆవిడ, కొత్త బూట్లు ఎక్కడ కొన్నావని అడిగింది. కొంటే దొరికేవి కావన్నాను. మూతి ముడుచుకుంది.

నీ దగ్గు సంగతి సరిగ్గా రాయలేదు. ఉత్తరం మొదట్లో దగ్గు, ఆ వెంటనే వీలునామా, మధ్యలో ‘నాకేమీ రాలేదు’. ఇది చదివిన మనిషి కంగారు పడకుండా ఎలా ఉంటుందో నువ్వే చెప్పు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా? ఏమన్నాడు? నువ్వు డాక్టర్ల దగ్గర కూడా బేరమాడే మనిషివి కాబట్టి, ఆయన అన్నది ఆయన మాటల్లోనే రాయి.

షాపు కేంద్రానికి ఇవ్వడం మంచి పని. వదిన ఉంటే నెత్తిన పెట్టుకునేది. కాకపోతే రెండు విషయాలు. ఒకటి, బోర్డు వద్దు. ఆ పేరు అసలే వద్దు. ఎందుకని అడగకు, నా మాట విని రంగులాయనకి వద్దని చెప్పెయ్యి. రెండోది, మావాణ్ణి కూడా ఒక మాట అడిగి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు సెలవులొస్తే వాడు నీ షాపు వదిలేవాడు కాదు. ఇప్పటికీ తను పనిచేసే గోడౌన్‌లో తోలు సరుకు దిగితే వాసన చూసి, మామయ్య షాపు గుర్తొచ్చిందమ్మా అని ఫోన్ చేస్తాడు. వాడికి ఆ షాపులో

ఇదిగో, మేనేజరమ్మ మళ్ళీ వచ్చింది. రంగు సరిగ్గా అంటలేదట. తర్వాత రాస్తాను. ఇది పోస్టు చేసేస్తున్నాను, లేకపోతే నీ దగ్గు సంగతి ఇంకో వారం ఆలస్యమవుతుంది.

నీ చెల్లెలు

&nbsp;

మార్చి 1

చెల్లెలికి,

నీ ఉత్తరం అందింది. దగ్గు తోలు దుమ్ము వల్ల వచ్చిందే. డాక్టరు అన్నమాట ఆయన మాటల్లోనే, ‘మూతికి గుడ్డ కట్టుకోండి.’ కట్టుకుంటున్నాను.

నీ మనసులో మాట అర్థమైంది. సగంలో ఆపినా అర్థమైంది. కొడుకు మీద తల్లికి ప్రేమ ఉండడం తప్పు కాదు, నాకు పిల్లల్లేరు కాబట్టి మేనమామ ఆస్తి మేనల్లుడికి రావాలనుకోవడమూ తప్పు కాదు. నాకే ముందు తట్టాల్సింది. బోర్డు ఎందుకు వద్దన్నావో కూడా ఇప్పుడు తెలిసింది. కొడుకుని కాదని ఇచ్చేసినదాని మీద తన పేరు ఏ తల్లి పెట్టించుకుంటుంది? లాయరమ్మతో మాట్లాడాను. షాపు సగం వాడికి, సగం కేంద్రానికి రాయవచ్చట. నువ్వు సరేనంటే అలాగే మార్పిస్తాను. ఇందులో నాకేమీ బాధ లేదు.

అయినా ఇప్పుడు ఇవ్వడానికి తీసుకునేవాళ్ళు కూడా ఉండాలి కదా. కేంద్రం పెద్ద డాక్టరుగారు మొన్న షాపు చూడడానికి వచ్చారు. నేను బల్లలు తుడిచి, పనిముట్లన్నీ వరసగా సర్ది, శుభ్రమైన చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఆయన మాత్రం కింద వీధిలోనే చాలాసేపు నిలబడిపోయారు. తొంగి చూస్తే, తలెత్తి మెట్ల వైపు చూస్తున్నారు. పైకొచ్చి అచ్చులన్నీ చూశారు, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మెచ్చుకున్నారు. చివరికి నెమ్మదిగా, ‘మీ దగ్గరికొచ్చేవాళ్ళు ఈ మెట్లెలా ఎక్కుతారు?’ అన్నారు. ఎవరూ రారు సార్, నేనే వాళ్ళ ఇళ్ళకి వెళ్తాను అన్నాను గర్వంగా. ఆయన చేతిలో అచ్చు కింద పెట్టి, ‘మీరు వెళ్తారు. మీ తర్వాత ఎవరు వెళ్తారు?’ అన్నారు.

ఇస్తే సంతోషంగా తీసుకుంటారట. కానీ తీసుకున్నాక షాపు అమ్మేసుకునే వీలు ఉండేలా రాయమంటున్నారు. అమ్మేస్తారట! ఉత్తరం వైపు అంత పెద్ద కిటికీ, మధ్యాహ్నం కూడా నీడ పడని వెలుతురు, ఆ వెలుతురు కోసమే నేను ఆ గది తీసుకున్నాను. నా చేత్తో బిగించిన బల్లలు. అన్నీ ఏ బట్టల కొట్టువాడో కొనుక్కుంటాడు. ఇంతోటి దానికి కళ్ళజోళ్ళాయన చుట్టాలేం పాపం చేశారు?

కాబట్టి నువ్వు వాడికే ఇమ్మంటే ఒకరకంగా అదే నయం. ఆలోచించుకుని రాయి.

మీ అన్నయ్య

&nbsp;

మార్చి 12

అన్నయ్యా,

‘మీ అన్నయ్య’ ఏమిటి? నేనేమైనా ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నానా? ‘చెల్లెలికి’ అని మొదలుపెట్టి ‘మీ అన్నయ్య’ అని ముగించావు. ఆ రెంటి మధ్య ఉన్నదంతా కోపమే. నీకు ముక్కు మీద కోపమని తెలిసీ సగం మాట రాసి పోస్టు చేశాను చూడు, అది నా బుద్ధితక్కువ.

మిగతా సగం ఇది. మావాడికి నీ షాపులో ముక్కాలి పీట కావాలి. నువ్వు పని చేస్తుంటే వాడు ఎదురుగా కూర్చునేవాడే, ఆ పీట. అంతే. నీ షాపు వాడికెందుకు? వాడికి సూదిలో దారం ఎక్కించడం చేతకాదు. నీ సగం నీ దగ్గరే ఉంచుకో. ఆస్తి కోసం అడుగుతున్నానని నువ్వు అనుకోగలిగావు కదా, అది మాత్రం నాకు బాగా తగిలింది. రెండురోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకామె ముంగురులు వంకరగా కత్తిరించేశాను.

ఇక బోర్డు. అడగవద్దంటే నీ అంతట నువ్వే ఏదో అల్లుకున్నావు కాబట్టి చెప్పేస్తాను. ఆ పేరు నాకెందుకు వచ్చింది? నాన్న కొనిచ్చిన ఇనుప బూటు నొప్పి పుట్టి, అది విప్పేసి ఒంటికాలి మీద ఇల్లంతా గెంతేదాన్ని. పిచ్చుకలా గెంతుతోందని నువ్వు పిలిచావు. నువ్వు పిలిస్తే ముద్దుగానే ఉంటుంది. ఆ ఇనుప బూటు చూడలేకే నువ్వు చదువు మానేసి బూట్లు కుట్టే ఆయన దగ్గర పనికి చేరావని నాకు తెలుసు. కానీ అదే పేరు వీధి గుమ్మం మీద రాస్తే, వచ్చేపోయేవాళ్ళందరికీ నేను కుంటిదాన్ని, అంతే. ఇన్నేళ్ళూ నీ బూట్లు వేసుకుని నేను సంపాదించుకున్నది ఏమిటంటే, కొత్తవాళ్ళకి నా కాలు కంటే ముందు నా నోరు తెలుస్తుంది. దాన్ని రంగు డబ్బాతో చెరిపెయ్యకు.

ఇంకొక మాట. ఇది ఎప్పటినుంచో ఉంది, ఈరోజు డాక్టరుగారి పుణ్యమా అని బయటికి వస్తోంది. నా పేరు పెడతానంటున్న ఆ గుమ్మం నేను చూశానా? ఒక్కసారైనా? మావాడు వెళ్ళేవాడు, మీ బావగారు బతికున్నప్పుడు ఆయన వెళ్ళేవారు. నేను కింద కళ్ళజోళ్ళాయన షాపు ముందు కూర్చునేదాన్ని. పాపం ఆయన ప్రతిసారీ తన కుర్చీ తెచ్చి వేసేవాడు. నువ్వు బూట్లు పట్టుకుని కిందికి వచ్చేవాడివి, వీధిలోనే తొడిగి, వీధిలోనే నడిపించి, రిక్షా ఎక్కించేసేవాడివి. ఒక్కనాడూ పైకి రావే అనలేదు. బూట్లు కుట్టేవాడి చెల్లెలు ఇంకా కుంటుతూనే ఉందని నీ దగ్గర కుట్టించుకునేవాళ్ళకి తెలిస్తే నీకు నామోషీ అనుకునేదాన్ని. నిజంగా అలాగే అనుకున్నాను అన్నయ్యా, చాలా ఏళ్ళు. కడుపులో పెట్టుకుని ఊరుకున్నాను.

డాక్టరుగారు అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. నేను అడగాల్సింది, అడగలేదు.

చెల్లి

&nbsp;

మార్చి 30

పిచ్చుకకి,

ఇలా పిలిస్తే కోపం వస్తుందా? ఉత్తరంలో పిలవవచ్చు అనే అర్థం చేసుకున్నాను. చేతిరాత చూసి నవ్వకు, కలం బాగాలేదు. చిన్నగా రాస్తాను.

రంగులాయనకి వద్దని చెప్పాను. ముక్కాలి పీట వాడిదే. ఆస్తి మాట అన్నందుకు నా నోరు కుట్టెయ్యాలి, ఆ పనికి కావలసిన సూదులు నా దగ్గరే ఉన్నాయి.

నామోషీ అన్నావు. ఆ మాట మళ్ళీ మళ్ళీ చదివాను. ఎవరినీ మెట్లెక్కించకపోవడం మర్యాద అనుకున్నాను. కష్టపడేవాళ్ళని ఇంకా కష్టపెట్టకూడదు, నేనే దిగాలి, నేనే వెళ్ళాలి అనుకున్నాను. నీకూ అంతే చేశాను, నీకు మరీ ఎక్కువగా చేశాను. నువ్వు రిక్షా దిగే లోపలే నేను వీధిలోకి పరిగెత్తుకుని వచ్చేవాణ్ణి. నీకు పైకి రావాలని ఉంటుందని నాకు తోచనే లేదు. ఇది అబద్ధం కాదు. తోచలేదు.

తర్వాత ఒక పని చేశాను. మొన్న సాయంత్రం నా దగ్గర ఉండిపోయిన నీ పాత జతలోంచి ఎడమది, అదే ఆ ఎత్తు బూటు, వెనక కోసేసి నా కాలికి ఇరికించుకున్నాను. రెండో కాలికి ఏమీ లేదు. అలా వీధిలోకి దిగి మళ్ళీ పైకెక్కాను. ఎత్తు కాలు ముందు పెడితే ఒంట్లో బరువంతా వెనక్కి లాగుతుంది. రెండోది ముందు పెడితే ఎత్తు కాలు మెట్టు అంచుకి తగులుకుంటుంది. పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. ఇన్నేళ్ళలో కమ్మీ లేదని నేను గమనించలేదు. సగం దాకా ఎక్కాను.

డాక్టరుగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియడం లేదు. షాపు ఇస్తే అమ్మేస్తారు, ఇవ్వకపోతే పిల్లలకి బూట్లు లేవు. నువ్వు చెప్పు.

నీ అన్నయ్య

&nbsp;

ఏప్రిల్ 6

అన్నయ్యకి,

కలం బాగాలేదా? చెయ్యి బాగాలేదా?

మావాడు మొన్న ఆదివారం పీట తెచ్చుకుందామని నీ దగ్గరికి వచ్చాడట కదా. వాడు రాత్రికి ఫోన్ చేశాడు. ‘అమ్మా, మామయ్య కుడిచెయ్యి పిండికట్టులో ఉంది, నీకు చెప్పవద్దన్నాడు’ అన్నాడు. సగం దాకా ఎక్కానని రాశావు, మిగతా సగం ఎలా దిగావో రాయలేదు. నీ వంకర అక్షరాలు చూసి నేనేమనుకున్నానో తెలుసా? దగ్గు, వీలునామా, వణుకు అన్నీ కలిపి నీకు పెద్ద జబ్బేదో వచ్చిందనుకున్నాను. నాలుగు రోజులు నా గుండెల్లో రాయి. ఎడంచేత్తో రాస్తున్నానని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది?

తిట్లు అయిపోయాయి. ఇప్పుడు విను.

నాలాంటి కాలు ఎలా ఎక్కుతుందో చూద్దామని నువ్వు ఆ బూటు తొడుక్కుని ఎక్కావని చదివి, పార్లర్ తలుపు వేసేసి ఏడ్చాను. ఎంతోమంది నా మీద జాలిపడ్డారు, నన్ను మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నా బూటు తొడుక్కుని చూసినవాడు ఎవడూ లేడు. నామోషీ అన్నమాట తీసేసుకుంటున్నాను. పూర్తిగా.

ఏం చెయ్యాలో చెప్పమన్నావు కదా, చెబుతున్నాను. అమ్ముకోమను. నీ షాపు ఆ గది కాదు. ఆ కిటికీ బాగుంటుందనుకో, నువ్వే కాదు, మావాడు కూడా చెప్పేవాడు. కానీ ఎవరి కోసం ఇస్తున్నావో వాళ్ళే రాలేని గది ఇచ్చి ఏం లాభం? దాన్ని అమ్మి, ఆ డబ్బుతో కేంద్రంలోనే కింద గది ఒకటి కట్టుకోమను. బల్లలు ఊడదీసి తెచ్చి బిగించుకుంటారు. కిటికీ ఉత్తరానికే పెట్టమను. పిల్ల తన కాళ్ళ మీద తను వచ్చి, కుర్చీలో కూర్చుని, నాకు ఇక్కడ నొప్పి పుడుతోంది అని బూటు కుట్టే మనిషి మొహం మీద చెప్పాలి. నేను వీధిలో నిలబడి చెప్పేదాన్ని, పక్కన రిక్షావాడు వింటూ ఉండేవాడు.

ఒక్కటి మాత్రం నా కోసం. అమ్మేవాళ్ళు నువ్వు పోయాకే అమ్ముతారు, అది ఇంకా చాలా ఏళ్ళ మాట. ఈలోపల ఆ గది నేను చూడాలి. వచ్చే నెల మొదటి వారం వస్తున్నాను. వద్దని రాయకు, టిక్కెట్టు కొనేశాను. కిందికి పరిగెత్తుకుని రాకు.

నీ చెల్లెలు

&nbsp;

మే 11

పిచ్చుకకి,

నువ్వు బండెక్కి నాలుగు రోజులైంది. చెయ్యి నెమ్మదిగా మాట వింటోంది, అందుకే అక్షరాలు కాస్త మనుషుల్లా ఉన్నాయి. మేనల్లుడు పోయినసారి నా కట్టు చూసిన కంగారులో మర్చిపోయిన ముక్కాలి పీట ఈసారి భుజాన వేసుకుని వీధంతా ఊరేగించుకుపోయాడు. బస్సులో సీటు దొరక్కపోతే దాని మీదే కూర్చుంటానన్నాడు, కూర్చునే ఉంటాడు.

నువ్వు మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఊని, ఒక్కొక్క మెట్టే పైకి జరుగుతుంటే నేను కింద నిలబడి ఉన్నాను. చెయ్యి అందించబోతే వద్దని వేలు చూపించావు. వీధిలో జనం చూస్తున్నారు. నువ్వు వాళ్ళకి చెయ్యి ఊపావు. నాకు భయం వేసింది, సిగ్గు వెయ్యలేదు. ఇది నీకు చెప్పాలని ఇప్పుడు రాస్తున్నాను.

కిటికీ గట్టు మీద నీ అచ్చులు ఒక్కొక్కటీ ముట్టుకుని చూశావు. అవి నీకు చూపించాలని కూడా ఎప్పుడూ తోచలేదు. చిన్నప్పటి జత నుంచి ఇప్పటి దాకా వరసగా ఉంటాయి, నాకు అది రోజూ కనిపించే కిటికీ గట్టే. నువ్వు అన్నిటికంటే చిన్నదాన్ని తిరగేసి, అడుగున నేను చెక్కిన ‘పిచ్చుక’ అన్న అక్షరాలు చదివి, ‘ఇవన్నీ ఉంచావా?’ అన్నావు. ఉంచక ఏం చేస్తాను? ఆ చిన్న జత నేను పని నేర్చుకున్న మొదటి సంవత్సరంలో తీసింది. ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది, మడమ దగ్గర తప్పు. నిన్ను ఆ వెలుతురులో కూర్చోబెట్టి కొలతలు తీసుకుంటుంటే, నీ కుడి మడమ మీద పుట్టుమచ్చ కనిపించింది. ఇన్నేళ్ళు వీధుల్లో, ఇళ్ళ చీకటి మూలల్లో కొలిచాను, ఒక్కసారీ చూడలేదు.

లాయరమ్మ దగ్గరికి నిన్న వెళ్ళి పాత వీలునామా రద్దు చేయించి కొత్తది రాయించాను. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు, అందులో ఒకాయన రంగులాయనే. బోర్డు పని పోయినా కాఫీ అయినా దక్కిందన్నాడు. షాపు కేంద్రానికే, అమ్ముకోవచ్చు. వచ్చిన డబ్బుతో కింద అంతస్తులో బూట్లు కుట్టే గది. పనిముట్లు, బల్లలు, అచ్చులు అక్కడికి చేరాలి. పేరు లేదు, బోర్డు లేదు. షరతులు ఎక్కువ పెట్టకండి, పెడితే వాళ్ళు వద్దనుకోవచ్చు అని లాయరమ్మ మొదటినుంచీ అంటోంది. అందుకే ఒక్కటే పెట్టాను. గది గుమ్మానికి మెట్టు ఉండకూడదు. ఆవిడ రాస్తూ ఆగి నా మొహం చూసి, ‘ఇంతేనా?’ అంది. ఇంతే అన్నాను. డాక్టరుగారికి చదివి వినిపిస్తే ఆయన నవ్వారు, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంకొక చిన్న మాట మిగిలింది. దానికి నీ అనుమతి కావాలి. నీ చిన్నప్పటి జత ఒక్కటి ఆ కొత్త గదిలో అద్దాల పెట్టెలో పెట్టమందామనుకుంటున్నాను. పేరు బయటికి కనిపించదు, అడుగున ఉంటుంది కదా. వచ్చిన పిల్లలు చూస్తారు. నాకోసం ఒప్పుకోవా?

నీ అన్నయ్య

&nbsp;

మే 24

అన్నయ్యకి,

అద్దాల పెట్టె వద్దు. నువ్వు మారవు. బోర్డు గుమ్మం మీద నుంచి దిగి పెట్టెలో దూరింది, అంతే తేడా.

కోపంగా రాయడం లేదు. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నీ కిటికీ గట్టు నా కళ్ళ ముందే ఉంది. నిన్న ఒకామె జుట్టు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆగిపోయాను. ఏమైందని అడిగింది. మా అన్నయ్య నా కాళ్ళన్నీ దాచి ఉంచాడండీ అన్నాను. ఆవిడ అద్దంలోంచి నన్ను ఎలా చూసిందో రాయడం నావల్ల కాదు. నేను పెద్దదాన్నవుతుంటే అమ్మా నాన్నా కూడా అంత జాగ్రత్తగా చూడలేదు. ఆ గట్టు మీద ఒక్కొక్క జతా చూస్తుంటే, నేను ఎప్పుడు ఎంత ఉన్నానో ఎవరో ఒకరికి గుర్తుందని తెలిసింది. నాకు అది చాలు. ఇక ఎవరూ చూడనక్కర్లేదు.

కొత్త జత రంగు మాత్రం ఈసారి ఎరుపు వెయ్యి. నల్లవి వేసుకుని విసుగొచ్చింది. చెయ్యి పూర్తిగా నయమయ్యాకే మొదలుపెట్టు, తొందర లేదు. కుట్టడం అయ్యాక పార్సిలు పంపకు. నేనే వచ్చి అక్కడే తొడుక్కుంటాను. కమ్మీ బిగించే ఆయనతో మావాడు మాట్లాడాడు, వచ్చేవారం వస్తాడు, తలుపు తెరిచి ఉంచు.

ఆ చిన్న జత సంగతి. కొత్త గదికి తీసుకుపొమ్మను, సరే. కానీ పెట్టెలో కాదు, మిగతా అచ్చులతో పాటు బల్ల మీదే ఉండనీ. ఏ రోజైనా అంతే చిన్న కాలు ఉన్న పిల్ల ఎవరైనా ఆ గుమ్మంలోంచి నడిచి వస్తే, అక్కడ పనిచేసే మనిషి దాన్ని తీసుకుని, ఆ పిల్ల కాలికి సరిపోయేదాకా చిత్రిక పట్టమను. నువ్వు చేసిన తప్పు ఏదో మడమ దగ్గర ఉందన్నావు కదా, అదీ సరిచెయ్యమను. అడుగున నా పేరు అడ్డం వస్తే చెక్కెయ్యమను.

నీ పిచ్చుక